లీజు లైను: సంఘములకు దాని యవసరమెంత?

"లైను లేదు, రేపు రండు" అను మాటను పంటఋణమునకై పోయిన రైతులు పలుమారు వినియుందురు. లెక్కలు చిట్టాలో నున్నంతకాలము ఈ మాటకు తావు లేకుండెను. చిట్టా గుమాస్తా బల్లమీదనే యుండెడిది. 2022 సం. జూన్ నెలలో కేంద్రప్రభుత్వము 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములకు కంప్యూటరు లమర్చి, జిల్లా, రాష్ట్ర సహకార బ్యాంకులతో కలుపుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును అంగీకరించెను. ఇట్లు కలిపిన సంఘపు ఖాతా దూరముననున్న యంత్రములో నుండును. నడుమ తీగె తెగినచో, పెట్టెలో సొమ్మున్నను ఋణ మీయజాలరు. కొండాపురమునకు మరునాడు మరల వచ్చు రైతునకు బస్సుఛార్జియు, ఒకనాటి కూలియు నష్టము.

ఇందుకు లీజు లైను మందని కంపెనీవారు చెప్పుదురు. లీజు అనగా మన కౌలే. సామాన్యమైన నెట్టు లైను చెరువుక్రింది ఉమ్మడి కాలువవంటిది. అందరు నొక్కసారి మళ్లించుకొన్నచో చివరి మడికి నీరందదు. లీజు లైనులో నింత ప్రవాహము మీదేయని రేయింబవళ్లు విడిచిపెట్టుదురు. పొరుగువాడు సినిమా చూచినను మీ వాటా తగ్గదు. పంపుటకును, తెచ్చుకొనుటకును వేగ మొక్కటే. అయితే భూమిని బీడుపెట్టినను కౌలు తప్పనట్లు, వాడినను వాడకున్నను బాడుగ చెల్లింపవలయును. దూరమును, వేగమును బట్టి ఆ బాడుగ పెరుగును.

ఒకే తీగెపై మాటయు, లెక్కయు నెట్లు పోవునని కొంద రడుగుదురు. చిరకాలముగా వాడుకలోనున్న యొక రకపు లైను సెకనుకు 20,48,000 బిట్లను మోయును. దానిని 64,000 బిట్లు గల 32 పాయలుగా చీల్చుదురు. 30 పాయలలో ముప్పదిమంది యొకేసారి టెలిఫోనులో మాటాడవచ్చును. తక్కిన రెండును కాలమును సరిచూచుటకు, పిలుపుల గుర్తులకు వినియోగపడును. ఇప్పుడు మాటనుకూడ చిన్న తునకలుగా చేసి లెక్కలతో కలిపి పంపుచున్నారు. అప్పుడు మాటకే ముందు దారి యీయవలెను. చిట్టా పద్దు అరక్షణ మాలస్యమైనను చెడదు; అక్షర మాలస్యమైనచో మాట యర్థముకాదు.

నా యభిప్రాయమున బాడుగ వేగమునకుగాక, వ్రాతపూర్వకమైన పూచీకే యీయవలసినది. "నూటికి 99 పాళ్లు లైను నడచును" అన్న వినుటకు బాగుండును. నెలకు 720 గంటలు; అందులో నొక పాలు 7 గంటల 12 నిమిషములు. అనగా సంఘపు పనిదిన మొకటి పూర్తిగా పోయినను కంపెనీవారు మాట తప్పినట్లు గాదు! 99.9 అన్నచో నష్టము 43 నిమిషములు. తెగినపుడు ఎన్ని గంటలలో బాగుచేయుదురు, చేయనిచో బాడుగలో నెంత తగ్గింతురు అనునవి ఒప్పందములో నుండవలెను. రెండు లైనులు తీసికొన్నను రెండును ఒకే స్తంభముమీదనో, ఒకే గుంటలోనో వచ్చినచో అవి రెండుగావు. రాష్ట్ర ఫైబర్ నెట్ తీగెలు చాలవరకు విద్యుత్ స్తంభములమీదుగా సాగినవి. తుపానుకు స్తంభము కూలిన అదియు కూలును.

మరి చిన్న సంఘమునకు లీజు లైను కావలయునా? అక్కరలేదందును. నెల్లూరిలోని జిల్లా సహకార బ్యాంకువంటి చోట ఒక తీగె తెగిన వందలాదిమంది పని యాగును. అక్కడ అది తప్పనిసరి. గ్రామసంఘమునకు సామాన్య ఫైబరు లైనొకటి, అది తెగినపు డాడుటకు వేరొక కంపెనీ సిమ్ము, కరెంటు పోయినను నిలుచు బ్యాటరీ చాలును. బ్యాటరీని పలువురు మరతురు. తీగె బాగుండియు, దాని పెట్టె చచ్చిపడియుండును.

సర్వసభ్య సమావేశములో కార్యదర్శిని అడుగుడు: గడచిన సంవత్సరమున లైను ఎన్ని దినములు, ఎన్ని గంటలు నిలిచిపోయినది? ఈ లెక్కకు ప్రత్యేకముగా నొక పుస్తకముంచి, ఫిర్యాదు చేసిన గంటయు, బాగుపడిన గంటయు వ్రాయవలెను. అది లేనిదే బాడుగ తగ్గింపుమని యెవరినడిగినను చెల్లదు.