టెలివిజన్ చూపు, గ్రామము చూపు

వెంకటగిరికోట ప్రాంతమున సాయంకాలము వీధి వెంట నడచినచో ఒక యింటినుండి తెలుగు, మరియొక యింటినుండి కన్నడము, వేరొక యింటినుండి తమిళము వినవచ్చుట వింత గాదు. చిత్తూరు జిల్లా కొసన, కర్ణాటకమునకును తమిళనాడునకును దాపున నున్న సీమ యిది. ఇచ్చటి మనుష్యుల మాటలు మూడు, టెలివిజన్ పెట్టెల పలుకులును మూడే. వీధి దీపములు, మంచినీటి కొళాయిలు, మురుగు కాలువలు పంచాయతీ పనులు గాని, ఎవరింట వారు చూచుకొను బొమ్మలతో సభ్యులకేమి పని యని కొందరడుగవచ్చును. గ్రామసభలో లేచి మాటలాడు వారి భయములును ఆశలును ఎక్కడ పుట్టుచున్నవో తెలియని సభ్యుడు ఆ సభను నడుపుట కష్టము. అందుచే ఈ మాసము టెలివిజన్‌ను గూర్చి కొంత ముచ్చటింప దలచితిమి.

1926 జనవరిలో బెయర్డ్ అను స్కాట్లండు దేశీయుడు లండను నగరమున కదలు బొమ్మలను యంత్రము ద్వారా పంపి పండితులకు చూపెను. పదియేండ్లకు, 1936లో, బి.బి.సి. వారు నిత్య ప్రసారము లారంభించిరి. మన దేశమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో యునెస్కో సహాయముతో ప్రయోగముగా మొదలైనది. దినదిన ప్రసారము 1965లో గాని రాలేదు. 1967 జనవరి 26న ‘కృషి దర్శన్’ అను రైతుల కార్యక్రమము ఢిల్లీ చుట్టుపట్ల 80 గ్రామములకై ప్రారంభింపబడెను. అనగా మన దేశమున ఈ పెట్టె తొలినాళ్లలోనే పల్లెను తలచుకొన్నది. ఆ మాట నేడు చాలమందికి జ్ఞప్తి లేదు.

అసలు కథ 1975లో నున్నది. ఆ సంవత్సరము ఆగస్టు 1వ తేదీనుండి 1976 జులై 31 వరకు, ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగము ‘సైట్’ అను పేర నడచెను. అమెరికా వారి ఏ.టి.ఎస్.-6 అను ఉపగ్రహమును ఒక యేడు అరువు తెచ్చుకొని, ఆరు రాష్ట్రములలో దాదాపు 2,400 గ్రామములకు బొమ్మలు పంపిరి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి, కర్ణాటక యొకటి. మన చిత్తూరు జిల్లాకు ఆ భాగ్యము కలుగలేదు. కోళ్లగూటికి వాడు తీగవల వంటి వలతో చేసిన మూడు మీటర్ల గొడుగు పల్లెలో నిలిపి, దాని క్రింద ఒక్క పెట్టె నుంచిరి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు, మొత్తము నాలుగు గంటలు ప్రసారము. ఉపగ్రహము ఒక బొమ్మతోపాటు రెండు ధ్వనులను పంపగలిగినందున, ఒకే దృశ్యమును ఒక పల్లె తెలుగులోను వేరొక పల్లె కన్నడములోను వినుటకు వీలయ్యెను. సరిహద్దు వాసులమైన మనకు ఈ యేర్పాటు విని ముచ్చట కలుగును.

ఆ పెట్టె ఎవరి సొత్తును గాదు; బడిలోనో, పంచాయతీ భవనములోనో, అందరు రాదగిన చోట నుండెను. తొలిదినములలో జనము విరగబడి వచ్చి, క్రమముగా పలుచబడిరి. పరిశీలకులు పిమ్మట కనుగొన్నదేమనగా, ఆరోగ్యము మొదలగు విషయములలో ఎక్కువగా నేర్చుకొన్నవారు చదువురాని వారు, అందును స్త్రీలు. అక్షరము అడ్డము గాని విద్య దొరకినపుడు వారే ముందు నిలిచిరన్నమాట. గడువు తీరగానే ఉపగ్రహము మరలిపోయెను. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము మొదలైనది. 1982లో రంగులు వచ్చెను. 1987లో ‘రామాయణము’ ఆదివారపు ఉదయములను వశము చేసికొనెను. 1995 నుండి తెలుగున ప్రైవేటు ఛానెళ్లు వెలసినవి. ఊరికొక పెట్టె పోయి యింటికొక పెట్టె వచ్చెను. చూచినదానిని గూర్చి అరుగుమీద తర్కించు అలవాటు దానితోనే సన్నగిల్లినదని మా యభిప్రాయము.

ఈ పెట్టె చూపరి మనస్సును ఎట్లు మార్చును? అమెరికాలో గెర్బ్నర్ అను ఆచార్యుడు 1960ల చివరినుండి దీనిని శోధించెను. హింస నిండిన కార్యక్రమములను గంటల తరబడి చూచువారు, లోకము నిజముగా నున్నదానికంటె భయంకరమైనదని తలచుచున్నారని ఆయన తేల్చెను. వీధిలో దొంగ లేకున్నను తెరమీద దొంగ యున్నాడు గనుక తలుపు గడియ బిగింతురు. దీనికి రెండవ ప్రక్కయు కలదు. జెన్సన్, ఆస్టర్ అను ఇరువురు అర్థశాస్త్రజ్ఞులు మన పొరుగు తమిళనాడు మొదలు అయిదు చోట్ల గ్రామ కుటుంబములను పరిశీలించి 2009లో ప్రకటించిన వ్యాసమున, కేబుల్ టెలివిజన్ వచ్చిన పల్లెలలో భార్యను కొట్టుట తప్పులేదను స్త్రీలు తగ్గిరనియు, మగపిల్లవాడే కావలెనను పట్టు సడలినదనియు వ్రాసిరి. కనుక పెట్టెను తిట్టి ప్రయోజనము లేదు, పొగడియు లేదు. ఎవరు, ఎచ్చట నిలిచి చూపుచున్నారన్నది అడుగవలెను.

ఈ ప్రశ్నను పండితులకంటె చక్కగా అడిగినవారు జహీరాబాదు దాపున పస్తాపురము పరిసర గ్రామముల దళిత స్త్రీలు. చదువురాని సేద్యగత్తెలు వారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆదరమున కెమెరా పట్ట నేర్చి, తమ పంటలను తమ బ్రతుకును చిత్రించిరి. కెమెరా పైనుండి క్రిందికి చూచునపుడు ఎదుటి మనిషి చిన్నగా కనబడును; భూస్వామి కూలిని చూచు చూపు అదియే గనుక దానికి ‘పటేలు షాట్’ అని పేరిడిరి. క్రిందినుండి పైకి చూచినచో ‘బానిస షాట్’. కన్నుకు కన్ను సమముగా నిలిపినది ‘సంఘము షాట్’. తమ సంఘములో అందరు ఒకే చాపపై కూర్చుందురు గదా! మేము చదివిన చిత్రకళా పాఠములలో ఇంతకంటె తెలివైన మాట కనబడలేదు.

ఇక మన టమాటా సంగతి చూడుడు. ధర పడినపుడు రైతు బుట్టలు రోడ్డుమీద కుమ్మరించు దృశ్యము తెరపై వచ్చును. ధర పెరిగినపుడు నగరములో గృహిణి నిట్టూర్పు వచ్చును. రెండును నిజమే. కాని నారు మొదలు కోత వరకు కలుగు ఖర్చు, మదనపల్లె మార్కెట్టులో వేలము జరుగు తీరు, తరుగు పేరిట కోత పడుట, బండి కూలి, ఇవి తెరకెక్కుట అరుదు. నగరమున కూర్చున్నవానికి రైతు ఒకనాడు దయనీయుడు, మరునాడు లాభగొండి. అతడు చూచినది పటేలు షాటే.

పంచాయతీ సభ్యులు చేయదగినది చిన్నపని. 1956లో పూనా పరిసరముల 150 గ్రామములలో ఆకాశవాణి వారు ఒక పద్ధతిని పరీక్షించిరి. గ్రామస్థులు గుంపుగా రేడియో విని, విన్నదానిని చర్చించి, ప్రశ్నలను తిరిగి పంపిరి. గ్రామసభ ముగియుటకు ముందు అట్టి పావుగంట మన యూళ్లలోను కేటాయింపవచ్చును. పంటను గూర్చియో జబ్బును గూర్చియో ఆ నెల తెరపైనను చేతి ఫోనులోను వచ్చిన వార్త నొక దానిని తీసికొని, తెలుగున చూచినవారొకరు, కన్నడమున చూచినవారొకరు, తమిళమున చూచినవారొకరు తాము విన్నది చెప్పవలెను. తేడాలున్నచోట వ్యవసాయ శాఖ ఉద్యోగినో, ఆరోగ్య కార్యకర్తనో పిలిచి నిజము తెలిసికొనవలెను. స్త్రీలను ముందుగా మాటలాడనిండు. చెప్పినది మినిట్సు పుస్తకమున వ్రాసి, వచ్చే సభలో చదివి వినిపింపుడు.