అభిమానము - అధ్యయనము

మనస్సు దేనిని నిరంతరము చింతించునో దాని రూపమునే పొందునని చెప్పుటకు మన వేదాంతులు భ్రమరకీటన్యాయమును ఉదాహరింతురు. తుమ్మెద గూటిలో చిక్కిన పురుగు తుమ్మెదనే తలంచి తలంచి తుదకు తుమ్మెదయే యగునట! జీవశాస్త్రజ్ఞులు దీని నంగీకరింపరు. కాని యువకుల మనస్సులను గూర్చి ఇంతకంటె చక్కని ఉపమానము నాకు కానరాదు. దానిని నాకు గుర్తునకు తెచ్చినది గ్రంథము కాదు, సూరతు నగరమున ఒక నేతకార్మికుని ఇల్లు.

తాపీ తీరమునందలి ఆ నగరమున మరమగ్గముల చప్పుడు రాత్రింబవళ్ళు వినవచ్చుచుండును. లింబాయత్ మొదలగు పేటలలో తెలంగాణము నుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములు పెక్కు కలవు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున కూడ ప్రాథమిక పాఠశాలలను నెలకొల్పినది. అయినను పిల్లలకు తెలుగుతో గల బంధము బడికంటె సినిమావలననే ఎక్కువగా నిలిచియున్నదని నాకు తోచినది. నేను పోయిన ఇంట ఉన్నది ఒకే గది. గోడపై మార్కండేయ మహర్షి పటము. ప్రక్కనే, అంతకంటె పెద్దదిగా, ఒక నటుని పటము. తొమ్మిదవ తరగతి చదువుచున్న కుమారుడు బడి మానెదనని పట్టుపట్టియుండెను. రాత్రి పని ముగించుకొని వచ్చిన తండ్రి, “స్వామీ, వీనికి జర మీరన్న చెప్పుండ్రి” అని ప్రాధేయపడెను.

బాలుడు తల యెత్తకయే పలికెను: “డిగ్రీ చదివిన మా అన్న గూడ సాంచెలే నడుపుతుండు. చదువు లేనోళ్లు హీరోలైండ్రు. మరి చదువెందుకు స్వామీ?”

చదివినచో ఉద్యోగము తప్పక లభించునని వానితో బొంకలేకపోతిని. వాని మాటలో కొంత నిజము కలదు. అక్కినేని నాగేశ్వరరావు కృష్ణా జిల్లా రామాపురమున పేద రైతుకుటుంబమున జన్మించి, ప్రాథమిక పాఠశాలతోనే చదువు చాలించినవాడు. 1953లో ‘దేవదాసు’ వెలువడిన పిదప ఆయనను అనుకరింపగోరిన యువకులు ఎందరో! కాని వారు అనుకరించినది వేషమును. చిన్ననాట నాటకములలో స్త్రీపాత్రలు ధరించి గడించిన అనుభవము, పెద్దవాడైన పిదప స్వయంకృషితో ఇంగ్లీషు నేర్చిన పట్టుదల, ఇవి వారి కంట పడలేదు. గుడివాడలో 1950లో స్థాపితమైన కళాశాలకు ఆయన భూరివిరాళ మొసగెను. అది నేటికిని ఆయన పేరనే వెలసియున్నది. తనకు దక్కని చదువు నిరర్థకమని ఆయన తలంచియుండినచో ఇది జరుగునా?

పురుగు తుమ్మెద రెక్కల మెరుపును మాత్రమే తలంచినచో ఏమగును? నేడు అరచేతి ఫోనులో క్షణక్షణము కానవచ్చునది ఆ మెరుపే. శ్రేష్ఠుడు ఆచరించుదానినే లోకము అనుసరించునని గీత మూడవ అధ్యాయము బోధించుచున్నది. దీనిని పెద్దలకు హెచ్చరికగా వ్యాఖ్యానించుట పరిపాటి. అనుసరించువానికిని ఇందొక బాధ్యత కలదని నా అభిప్రాయము: శ్రేష్ఠుడెవడో, అతనిలో శ్రేష్ఠమేదో, వాడే నిర్ణయించుకొనవలెను. ఉద్యోగము వచ్చినను రాకున్నను, ఆ నిర్ణయశక్తి చదువువలన అలవడవలసినది. అలవడని చదువులును కలవు. అది వేరు విషయము.

ఇదంతయు బాలునికి చెప్పలేదు. నాగేశ్వరరావు కథ మాత్రము చెప్పి, ఆమ్లీరాన్ పేటలోని నర్మదుని ఇంటికి దారి చూపుమంటిని. నర్మదుడు (1833-1886) యౌవనముననే కీర్తి గడించిన గుజరాతీ కవి. 1858లో ఉపాధ్యాయవృత్తి విడిచి, ఇక కలమే శరణ్యమని ప్రతిన పూనెను. పేదరికమువలన 1882లో మరల కొలువున చేరక తప్పలేదు. కాని ఈ నడుమ, పెక్కేండ్లు శ్రమించి, 1873లో ‘నర్మకోశ’మను గుజరాతీ నిఘంటువును ప్రకటించెను. అనువాదకుడనగుటచే నిఘంటుకర్తలన్న నాకు పక్షపాతము మెండు. నేడు సూరతు విశ్వవిద్యాలయము ఆయన పేర నున్నది.

ఆ ఇంటి ముందటి గుజరాతీ అక్షరములు నాకు చదువ రాలేదు. బాలుడు తడబడక చదివి తెలుగున అర్థము చెప్పెను. అంతట, “ఆ పుస్తకంల మాటలన్నీ ఒక్కడే రాసిండా?” అని అడిగెను.

ఔనంటిని. వాడు మరల మొదటి పంక్తి నుండి చదువసాగెను.