10.4 తక్కువ ఖర్చుతో కారు బాడీకి బిగువు

మూత లేని బూట్ల అట్టపెట్టెను రెండు చివరలా పట్టుకొని మెలితిప్పండి. సులభంగా వంకరవుతుంది. మూత పెట్టి, అంచులు అంటించి మళ్ళీ తిప్పండి. తేడా మీ చేతికే తెలుస్తుంది.

మారుతి 800 కారు (1983–2014)కు విడిగా ఛాసీ లేదు. ఫ్లోరు రేకు, తలుపుల కింది రన్నింగ్ బోర్డులు, పైకప్పు కలిసి పెట్టెలా బరువు మోస్తాయి. ఈ పెట్టె మెలితిరిగితే, స్టీరింగు తిప్పిన వెంటనే బండి తిరగదు.

బానెట్ కింద రెండు షాకబ్సర్ల తలలను కలిపే కడ్డీని చాలామంది ముందుగా కొంటారు. చూడముచ్చటగానే ఉంటుంది. కాని రన్నింగ్ బోర్డు తుప్పు పట్టి ఉంటే అది ఏం చేయగలదు?

స్క్రూడ్రైవర్ పిడితో ఆ రేకును తట్టండి. ఖంగుమనాలి. మొద్దు శబ్దం వస్తే లోపల తుప్పో, పుట్టీయో ఉందని అనుమానించండి. పుట్టీ రంగును నిలుపుతుంది, బరువును మోయదు. ప్రమాదం జరిగినప్పుడు మిమ్మల్ని కాపాడవలసినదీ ఆ రేకే. టింకరింగ్ షాపులో చెడిన భాగం కోయించి, కొత్త రేకు వెల్డింగు చేయించండి. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పించాలి.

హెచ్చరిక: జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి. స్టాండ్లు పెట్టండి.

తరువాత అరిగిన రబ్బరు బుష్‌లు మార్పించండి, టైర్లలో గాలి సరిచూడండి. అప్పటికీ తృప్తి లేకపోతేనే కడ్డీ.

మీ ప్రగతిని తెలుసుకోండి
1. అట్టపెట్టె మూత కారులో ఏ భాగానికి పోలిక?
2. పుట్టీ పూసిన రన్నింగ్ బోర్డును ఎలా గుర్తిస్తారు?