పాత బొమ్మరైలు

బొమ్మ పాతదైనచో దానిని మూలకు ద్రోయుట లోకమున సామాన్యము. కాని ఇంగ్లండు దేశమున రంగు వెలసి, సొట్టలు పడిన బొమ్మరైళ్ళను వెదకి తెచ్చి, వాటికి మరల నడక నేర్పువారు పలువురు కలరు. ఆ పనికి ఓపిక మాత్రమే చాలదు. వివేకము కూడ కావలెను.

లివర్‌పూలు నగరమున ఫ్రాంక్ హార్న్‌బీ అను నతడు మెకానో అను ఆటవస్తువును కల్పించెను. చిల్లులు గల లోహపు పట్టీలను బోల్టులతోను నట్టులతోను బిగించి, పిల్లలు దానితో వంతెనలను, యంత్రములను నిర్మించెడివారు. 1920లో అతని సంస్థ బొమ్మరైళ్ళను కూడ అమ్మజొచ్చెను. వాటి పట్టాల నడుమ దూరము 32 మిల్లీమీటర్లు. మొదటి ఇంజనులను కూడ నట్టులు విప్పి విడదీసి, తిరిగి కూర్పవచ్చును. ఇంజను లోపల గడియారమందువలె ఉక్కు స్ప్రింగు ఉండును. తాళపుచెవితో బిగించి విడువగా, అది విచ్చుకొనుచు పళ్ళచక్రములను త్రిప్పును, బండి పరుగిడును. 1960 తరువాతి దశాబ్దమున ఈ రైళ్ళ తయారీ నిలిచిపోయెను. వీటిని సేకరించువారు 1969లో ఒక సంఘముగా ఏర్పడిరి.

ఇట్టి ఇంజను నేడు దొరకినను తరచుగా కదలదు. ఎన్నడో పోసిన నూనె దుమ్ముతో కలిసి జిగురై, చక్రములను పట్టివేసి యుండును. తెలిసినవాడు తాళపుచెవిని బలవంతముగ త్రిప్పడు. మొదట మురికిని తొలగించి, ఇరుసునకు ఒక్కొక్క చుక్క నూనె వేయును. కొన్ని పాత చక్రములకు మాత్రము మందు లేదు. జింకు మిశ్రమమున కొంచెము సీసము కలిసినచో, కాలక్రమమున ఆ లోహము పగుళ్ళు వారి పొడి యగును. అట్టి చక్రములను మార్చుటయే గతి.

రంగు మాట వేరు. క్రొత్త రంగు పూసిన బండి మెరయును. కాని గీకివేసిన పాత రంగు మరల రాదు. తాళపుచెవి రాపిడికి అరిగిన చోటును, పట్టా తప్పి పడినప్పటి సొట్టయు, ఎన్నడో ఒక బాలుడు ఆడుకొనిన గుర్తులు. కావున పలువురు వాటిని అట్లే యుంచి, లోపలి యంత్రమును మాత్రము బాగుచేయుదురు. చెక్కు చెదరని బండి గలవాడు దానిని అద్దాల బీరువానుండి తీయుటకే జంకును. అరిగిన బండి గలవాడు నిర్భయముగ పట్టాలపై నడిపించును.

పాత వస్తువును బాగుచేయ బూనినవాడు దేనిని మార్చవలెనో, దేనిని ముట్టరాదో ముందుగ తెలిసికొనవలెను. ఆ తెలివి లేనిచో, బాగుచేసిన చేయియే పాడుచేయును.