రిసీవర్ వేడెక్కితే భయపడాలా?

సందేహాలు – సమాధానాలు: ఇంట్లో హోమ్ థియేటర్

ప్రశ్న: సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి హోమ్ థియేటర్ బిగించి హైదరాబాద్ వెళ్లిపోయాడు. సినిమా సగమయ్యేసరికి రిసీవర్ మీద చెయ్యి పెడితే కాలుతోంది. పేలుతుందేమోనని మధ్యలోనే ఆపేస్తున్నాను.
– ఒక గృహిణి, గుడ్లవల్లేరు

జవాబు: పేలదమ్మా, ధైర్యంగా ఉండండి. లోపలి ఆంప్లిఫయర్ తీసుకున్న కరెంటులో చాలాభాగం వేడిగానే వదిలేస్తుంది. పైమూతకు అన్ని చిల్లులు పెట్టింది ఆ వేడి పోవడానికే. సినిమా అయ్యాక అరచెయ్యి ఆనించి పది అంకెలు లెక్కపెట్టగలిగితే అది మామూలు వేడి. అంతసేపు ఆనించలేకపోతే పైన జానెడు ఖాళీ ఉందేమో చూడండి, మీద పెట్టిన సెట్‌టాప్ బాక్సు, దుమ్ము పడకుండా కప్పిన గుడ్డ తీసేయండి. కాలిన వాసన వస్తే మాత్రం వెంటనే స్విచ్ కట్టేసి, ప్లగ్ తీసి మెకానిక్‌ను పిలవండి.

ప్రశ్న: రెండేళ్లు బాగా పనిచేసిన రిసీవర్ ఈ మధ్య ఆన్ చేయగానే టిక్కుమని ఆగిపోతోంది. ‘ప్రొటెక్ట్’ అని చూపిస్తోంది. బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోమంటున్నారు. అంత డబ్బు మళ్లీ పెట్టలేను.
– ఒక చిరుద్యోగి, మచిలీపట్నం

జవాబు: అప్పుడే డబ్బు తీయకండి. ఎక్కడో వైరు వైరుకు తగిలిందన్న అనుమానం వస్తే రిసీవర్ తనను తాను కాపాడుకోవడానికి ఇలా ఆగిపోతుంది. ఆ టిక్కు లోపలి రిలే శబ్దం. ముందు ప్లగ్ తీసేసి, వెనకవైపు టార్చి వేసి చూడండి. ఎరుపు, నలుపు టెర్మినళ్ల మధ్య వెంట్రుకంత రాగి పోగు ఒక్కటి అడ్డం పడినా చాలు. మీ బందరులో ఇంకో సంగతి ఉంది: ఉప్పుగాలికి వైరు కొసలు పచ్చగా చిలుము పట్టి, పోగులు పెళుసుబారి విరిగి పక్కకు పడుతుంటాయి. కొసను అంగుళం మేర కత్తిరించి, కొత్త రాగి తేల్చి, పోగులన్నీ కలిపి మెలిపెట్టి బిగించండి. బంగారు పూత ప్లగ్గులు మీకు ఆడంబరం కాదు. మీ ఊరి రోల్డ్ గోల్డ్ నగల్లాగే, పూత నిలిచినంతకాలం చిలుమును దగ్గరికి రానివ్వవు.

అప్పటికీ తగ్గకపోతే సౌండ్ బాక్సుల వైర్లన్నీ ఊడదీసి ఒట్టి రిసీవర్‌నే ఆన్ చేయండి. ఆగకుండా నిలబడితే తప్పు చాలావరకు వైరుదో బాక్సుదో అన్నమాట. ప్రతిసారీ ప్లగ్ తీసి, ఒక్కొక్క బాక్సే కలుపుతూ పోతే దొంగ దొరుకుతుంది. ఒట్టిగా ఉన్నా ప్రొటెక్ట్ వస్తుంటే మళ్లీ మళ్లీ స్విచ్ నొక్కకండి, అది మెకానిక్ పని. మూత తీసినప్పుడు బోర్డు మీద బల్లి పడి చచ్చి ఉందేమో కూడా చూడమనండి.

ప్రశ్న: మా దంపతులిద్దరికీ డెబ్బై దాటాయి. సినిమాలో మాటలు వినపడవు. సౌండ్ పెంచితే ఫైటింగులకు గుండె అదురుతోంది. మా చెవులు పోతున్నాయా?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, అవనిగడ్డ

జవాబు: చెవుల మీద అప్పుడే అనుమానం వద్దు మాస్టారూ, కుర్రవాళ్లూ ఇదే మాట అంటున్నారు. హోమ్ థియేటర్‌లో మాటలు చాలావరకు టీవీ కింద ఉండే మధ్య బాక్సులోంచే వస్తాయి. సెట్టింగుల్లో ‘సెంటర్’ను 3 డెసిబెల్స్ పెంచండి. ఆ బాక్సు మీకు లేకపోతే లేదని సెట్టింగుల్లో చెప్పాలి, లేదంటే మాటలు లేని బాక్సుకే వెళ్తుంటాయి. ‘నైట్ మోడ్’ పెడితే ఫైటింగుల మోత కూడా తగ్గుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి మాటే అందకపోతే అప్పుడు చెవి డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: బాక్సుల్లోంచి ఎప్పుడూ బుయ్యిమని మోత. ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుందన్నారు, తీసేస్తే పోయింది. ఇప్పుడు రిసీవర్‌ను ముట్టుకుంటే జివ్వుమంటోంది. చిన్నపిల్లలున్న ఇల్లు.
– ఒక రొయ్యల రైతు, నాగాయలంక

జవాబు: మీరు భయపడి రాయడం మంచిదైంది, ఈ భయం సరైనదే. ఆ ప్లగ్ ఇవాళే మార్పించండి, ఇంటి ఎర్త్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, అప్పటిదాకా వాడొద్దు. లోపల కరెంటు లీకైతే మనిషి మీదుగా కాకుండా భూమిలోకి పోయే దారి ఆ పిన్నే. మోత వల్ల మాత్రం ప్రమాదం లేదు. ఇంటి ఎర్త్, కేబుల్ టీవీ వైరు ఎర్త్ వేరువేరైతే ఆ రెండింటి మధ్య తిరిగే కరెంటు అలా మోగుతుంది. ప్లగ్ మార్చాక కేబుల్ వైరు ఊడదీసి చూడండి. మోత ఆగితే ఆ వైరుకు ఐసోలేటరు పెట్టిస్తే సరిపోతుంది.

ప్రశ్న: మా అల్లుడు అమెరికా నుంచి రిసీవర్ తెచ్చారు. పిన్ను మార్చుకుంటే చాలని షాపులో అన్నారు. ప్లగ్ పెట్టాలంటే చెయ్యి వణుకుతోంది.
– ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: పెట్టకుండా ఆగారు, అదే దాన్ని కాపాడింది. వెనక 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు మాడిపోతుంది. దాని మీద రాసిన వాట్లకు రెట్టింపు తట్టుకునే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి. 100–240 అని ఉంటే పిన్ను మారిస్తే చాలు.

ప్రశ్న: డబ్బా మీద 100 వాట్లని ఉంటుంది కానీ, అన్ని బాక్సులూ నడిస్తే అంత రాదని చదివాను. దాచుకున్న డబ్బుతో కొంటున్నాను, మోసపోతానా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, గుడ్లవల్లేరు

జవాబు: మోసమని కంగారుపడకండి, ఆ అంకె సాధారణంగా రెండు ఛానెళ్లనే నడిపి కొలిచింది. మామూలు గదిలో మనం వినే సౌండుకు సగటున ఒకటి రెండు వాట్లు సరిపోతాయి, వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెల్సే. అందుకే షాపులో వాళ్లు వేసే యాక్షన్ సీను చూసి నిర్ణయించుకోకండి. మీరు బాగా ఎరిగిన పాటను పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, తక్కువ సౌండులో గొంతు స్పష్టంగా ఉందా వినండి. టీవీ ఆపి మళ్లీ ఆన్ చేస్తే రిసీవర్ తనంతట తాను లేస్తోందా, పెదాల కదలికకు మాట అందుతోందా చూడండి. వాల్యూమ్ మైనస్ 35 అని చూపిస్తే అది లోపం కాదు, చాలా రిసీవర్లలో లెక్క అంతే. ఇన్ని చూశాక నచ్చితే కొనండి, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.