చట్టం ఎవరు చేస్తారు?

పిల్లలూ! మనం ఉంటున్న కాలిఫోర్నియాలో చట్టాలు రెండు దారుల్లో వస్తాయి. అవేమిటో తెలుసుకుందాం.

మొదటిది శాసనసభ దారి. శాక్రమెంటోలో అసెంబ్లీకి 80 మంది, సెనేట్‌కు 40 మంది సభ్యులున్నారు. బిల్లు రెండు సభల్లోనూ నెగ్గాక గవర్నర్ సంతకం పెడితే చట్టమవుతుంది.

రెండోది ప్రజల దారి. ఇది 1911లో మొదలైంది. ఓటర్ల సంతకాలు కావలసినన్ని కూడితే ప్రతిపాదన నేరుగా బ్యాలెట్ మీదికి వస్తుంది. దాన్ని ప్రాపొజిషన్ అంటారు. ఇలా ప్రజలు చేసిన చట్టాన్ని రద్దు చేయాలంటే శాసనసభ మళ్ళీ ప్రజలనే అడగాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంగ్లీషు రాని పిల్లలకు ప్రభుత్వ బడుల్లో దాదాపు అన్ని పాఠాలూ ఇంగ్లీషులోనే చెప్పాలని 1998లో ప్రాపొజిషన్ 227 నెగ్గింది. దీన్ని మార్చమని 2014లో శాసనసభ ఒక బిల్లు ద్వారా ప్రజలను అడిగింది. అదే ప్రాపొజిషన్ 58. 2016లో 73 శాతానికి పైగా ఓట్లతో నెగ్గింది. రెండు భాషల్లో బోధించే వీలు బడులకు తిరిగి దక్కింది. అందుకు 18 ఏళ్ళు పట్టింది!

ఇంటి భాష విలువ తెలిసిన మనకు ఇది పరాయి సంగతి కాదు. ఓటున్నవాళ్ళం ఓటరు గైడును పిల్లలతో కలిసి చదువుదాం. ఓటు లేనివాళ్ళం కూడా మన ప్రాంత సభ్యులకు ఉత్తరం రాయవచ్చు.

ప్రశ్న: మీ అసెంబ్లీ సభ్యులెవరు? అమ్మానాన్నలను అడిగి తెలుగులో రాయండి.