ఆయుష్షు పెంచేది తక్కువ తిండా, ఆకలి సంకేతమా?

పోషకాలు లోపించకుండా కేలరీలు తగ్గిస్తే జంతువుల ఆయుష్షు పెరగవచ్చన్న విషయం కొత్తది కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెక్‌కే బృందం 1935లోనే ఎలుకల్లో దీన్ని గమనించింది. మరి ఆ మేలు తక్కువ తినడం వల్ల వచ్చిందా, లేక మెదడు గ్రహించే ఆకలి వల్లనా?

పొట్ట ఖాళీ అయినప్పుడు గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది. కొవ్వు నిల్వలు తగ్గితే లెప్టిన్ అనే హార్మోను తగ్గుతుంది. ఈ రెండు కబుర్లూ మెదడులోని హైపోథాలమస్‌కు చేరతాయి. అక్కడి ఏజీఆర్‌పీ నాడీకణాలు చురుకై, తిండి వెతకమని, శక్తిని పొదుపు చేయమని శరీరాన్ని పురమాయిస్తాయి.

ఈ సంకేతాలకూ వృద్ధాప్యానికీ సంబంధం ఉండవచ్చని పండ్ల ఈగలపై జరిగిన ప్రయోగాలు సూచిస్తున్నాయి. ఆహారం తగ్గించిన ఈగలకు ఈస్ట్ వాసన తగిలేలా చేస్తే, వాటికి పెరగాల్సిన ఆయుష్షు కొంత తగ్గిపోయిందని 2007లో వెల్లడైంది. అంటే తిండి పరిమాణంతో పాటు తిండి ఉందన్న భావన కూడా లెక్కలోకి వస్తోంది.

మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో మరో అడుగు ముందుకు వేశారు. ఎర్రని కాంతితో ఈగల మెదడులోని ఆకలి నాడీకణాలను ప్రేరేపించారు. ఆ ఈగలు మామూలు వాటికంటే దాదాపు రెట్టింపు తిన్నాయి, అయినా ఎక్కువ కాలం బతికాయి! ఆకలి వల్ల మెదడు కణాల్లో డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రొటీన్లపై రసాయన మార్పులు జరిగి, జన్యువుల పనితీరు మారడం ఇందుకు ఒక కారణమని వారు భావిస్తున్నారు.

ఈగల ఫలితాన్ని నేరుగా మనుషులకు అన్వయించలేం. అమెరికాలో 200 మందికి పైగా ఆరోగ్యవంతులతో రెండేళ్లపాటు 'క్యాలరీ' అనే అధ్యయనం జరిగింది. 25 శాతం కేలరీలు తగ్గించాలన్నది లక్ష్యం కాగా, సగటున సుమారు 12 శాతమే సాధ్యమైంది. డీఎన్ఏ ఆధారిత కొలమానం ప్రకారం వృద్ధాప్య వేగం 2 నుంచి 3 శాతం తగ్గింది. అయితే వారి ఆయుష్షు పెరిగిందని అది నిరూపించలేదు. ఆకలి సంకేతాల పాత్రను అది విడిగా పరీక్షించనూ లేదు.

కాబట్టి ఈ పరిశోధనలు పస్తులుండమని చెప్పడం లేదు. కేలరీల తగ్గింపు వేరు, పోషకాహార లోపం వేరు. పిల్లలు, గర్భిణులు, బక్కచిక్కిన వృద్ధులు, మధుమేహానికి మందులు వాడేవారు సొంతంగా తిండి తగ్గించడం ప్రమాదకరం. ఆకలిని మెదడు ఎలా చదువుతుందో తెలిస్తే, కడుపు మాడ్చుకోకుండానే ఆ మేలు పొందే మార్గం భవిష్యత్తులో దొరకవచ్చునని శాస్త్రవేత్తల ఆశ.